తవిటయ్య ఒంటి తవుడు

తవిటయ్యకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని ఆయన పుట్టగానే వాళ్ళమ్మ పక్కింటావిడకు చేటెడు తవుడికి అమ్మేసి, మళ్ళీ తెచ్చుకుంది. పేరు అలా వచ్చింది. తర్వాత అరవై ఏళ్ళపాటు ఆ తవుడు సంగతి ఎవరూ తలచుకోలేదు. రిటైరయ్యాక వచ్చిన మొదటి జనవరిలో అది ఆయన వీపు మీద నుంచి రాలడం మొదలుపెట్టింది.

రాలడమంటే మామూలుగా కాదు. నల్ల స్వెట్టరు విప్పితే లోపల పిండిమర ఆడించినట్టుండేది. మంచం దులిపితే ధనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. కాళ్ళ మీద గోటితో గీస్తే గీత తెల్లగా పడి సాయంత్రం దాకా అలాగే ఉండేది. పలక కొనాల్సిన పని లేదు, పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టవచ్చు.

ఈ తవిటయ్య టాటానగర్‌లో గూడ్సు గార్డుగా ముప్పై అయిదేళ్ళు పనిచేశాడు. ముందు యాభై ఎనిమిది వ్యాగన్ల ఇనుపఖనిజం, వెనక బ్రేకువ్యానులో తను. ఇంజను దగ్గర ఇద్దరుంటారు, వాళ్ళలో వాళ్ళు కబుర్లు చెప్పుకుంటారు. గార్డుకు పచ్చజెండా, ఎర్రజెండా తప్ప తోడు లేదు. చివర్లో రైల్వేవాళ్ళు గార్డు అన్న మాట తీసేసి 'ట్రైన్ మేనేజర్' అని పేరు పెట్టారు. మేనేజు చెయ్యడానికి ఆ వ్యానులో తను తప్ప పురుగు కూడా ఉండేది కాదు.

అన్నేళ్ళూ ఆయన ఒకటే లెక్క వేసుకున్నాడు. రిటైరైన మర్నాడు నుంచి ఇంటి దగ్గర కూర్చుని, కడుపులో దాచుకున్న మాటలన్నీ ధనమ్మతో చెప్పుకోవాలి.

తీరా బిర్సానగర్‌లో ఇల్లు చేరి చూస్తే, ధనమ్మ టైంటేబిల్లో తన స్టేషనుకు హాల్టు లేదు.

మొగుడు లైను మీద తిరిగిన రోజుల్లో ధనమ్మ కుట్టు నేర్చుకుంది. ఇప్పుడు ముందు గది నిండా మిషను, బట్టలు, కొలతలిచ్చుకునే ఆడవాళ్ళు. ఆడవాళ్ళు కొలతలిచ్చే చోట మగాడు కూర్చోకూడదు గనక తవిటయ్యను వెనక గదిలోకి తోసేశారు. స్టేషనులో అక్కర్లేని వ్యాగన్ను పక్క లైనులో పెట్టి మరిచిపోతారు చూడండి, అలాగన్నమాట. కొడుకు సాయిచంద్ ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటాడు. తండ్రి తెలుగులో ఫోను చేస్తే వాడు హిందీలో పెట్టేస్తాడు.

"ఏటి సేత్తన్నావురా?"

"డ్యూటీ పర్ హూఁ పాపా, బాద్ మే."

ఆ 'తర్వాత' అనేది అక్టోబరు నుంచి ఇంతవరకు రాలేదు.

మాట్లాడేవాళ్ళు లేక తవిటయ్య స్నానం పట్టుకున్నాడు. గీజరు పెట్టుకుని, పొగలు కక్కే నీళ్ళు ఒంటి మీద పోసుకుంటూ గంటసేపు కూర్చునేవాడు. ఎంత కాదన్నా వెచ్చగా ఒంటిని తాకేది ఆ నీళ్ళొక్కటే. అక్కడ మొదలైంది దురద.

"ధనం! ఒకసారి ఇలగ రాయే."

"ఏటండీ?"

"వీపు దురదెడతంది."

"గోక్కోండి."

"అందదే!"

ముందు గదిలోంచి కర్ర స్కేలు ఒకటి ఎగిరొచ్చి మంచం మీద పడింది. జాకెట్లు కొలిచే స్కేలు.

దాంతో రెండు రోజులు గోక్కున్నాడు. మూడోరోజు బనీను మీద నెత్తుటి చుక్కలు చూసి ధనమ్మ కంగారుపడింది. పళ్ళ మధ్య గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను వేణ్ణీళ్ళలో ముంచి కరిగించింది. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, అరచేతుల్లో నూనె పోసుకుని వీపు మీద రాయడం మొదలుపెట్టింది.

చేతులు ఆడుతుంటే ఆవిడ నోరు కూడా ఊరుకోలేదు.

"ఆ అర్జెంటు పద్మకుమారి నేదూ, మళ్ళీ వచ్చిందండీ. మొన్న కుట్టిన జాకెట్టు ఇయాల బిగుతయిపోయిందంట. రెండ్రోజుల్లో జాకెట్టు సిక్కిపోయిందా, నువ్వు పెళ్ళి బోయినాలు తిన్నావా అనడిగేను."

తవిటయ్య దిండులో ముఖం పెట్టుకుని నవ్వాడు. ఆవిడ ఇంకోటి చెప్పింది. ఈయన ఇంకోటి అడిగాడు. పావుగంట గడిచింది. ముందు గదిలో ఎవరో పిలిస్తే చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ పావుగంటా దురద సంగతి ఆయనకు గుర్తే లేదు. రిటైరయ్యాక ఇంతసేపు ఆయనతో మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

ఆ ఆదివారం తెలుగు సంఘంవాళ్ళు వైద్య శిబిరం పెడితే ధనమ్మ ఆయన్ని లాక్కెళ్ళింది. డాక్టరు పేరు ఇంద్రజ. చిన్నపిల్ల, నవ్వుముఖం.

"అంకుల్, స్నానం ఎంతసేపు చేస్తారు?"

"నీళ్ళయిపోయినంతవరకూ అమ్మా."

"బాగా వేడిగానా?"

"పొగలు రావాల."

"అదే మరి! చలికాలం గాలిలో తడి ఉండదు. వయసు మీద పడితే చర్మంలో నూనె కూడా తగ్గుతుంది. ఉన్న ఆ కాస్తా మీరు వేణ్ణీళ్ళతో కడిగేస్తున్నారు," అని డాక్టరమ్మ ఒక అచ్చు కాగితం చేతికిచ్చింది. గోరువెచ్చటి నీళ్ళే వాడాలట, అదీ పదినిమిషాలే. ఘాటు సబ్బు పనికిరాదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. ఒళ్ళు తడి ఆరకముందే నూనో క్రీమో రాసుకోవాలి. హీటరు ముందు కూర్చోకూడదు, ఉన్ని బట్ట నేరుగా ఒంటికి తగలకూడదు, దాహం లేకపోయినా నీళ్ళు తాగుతుండాలి.

ధనమ్మ ఆ కాగితాన్ని బాత్రూము తలుపుకు గుండుసూదితో గుచ్చింది. గార్డుద్యోగం చేసినవాడికి రూల్సు పాటించడం ఒక లెక్కా? పదిరోజుల్లో తవిటయ్య వీపు అద్దంలా అయింది. ధనమ్మ చెయ్యి పెట్టి చూసి, "తగ్గిపోయిందండీ! ఇంక నూనక్కర్నేదు," అని సంబరంగా సీసా మూత బిగించి అలమరలో పెట్టేసింది.

తవిటయ్యకు మాత్రం సంబరం కలగలేదు.

మర్నాడు ధనమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ముందు గదిలో మిషను చప్పుడు, నవ్వులు. వెనక గదిలో తవిటయ్య, ఆయన ఆరోగ్యవంతమైన వీపు. నాలుగోరోజు ఆయన బాత్రూము తలుపు ముందు నిలబడి ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. ఇలా చేస్తే తగ్గుతుందంటే, ఇలా చెయ్యకపోతే తిరిగొస్తుందన్నమాట! ఆ క్షణాన డాక్టరమ్మ ఆయన కళ్ళకు దేవతలా కనిపించింది.

పని మొదలైంది. ముప్పై అయిదేళ్ళు రూలు తప్పని మనిషి, తప్పడంలో కూడా ఒక్కటీ వదలలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు గీజరు నీళ్ళు. ఒంటికి బట్టలసబ్బు. కొబ్బరిపీచుతో తోముడు, తువ్వాలుతో రుద్దుడు. ఆ పైన బనీను లేకుండా ఉన్ని స్వెట్టరు, ఎదురుగా ఎర్రగా హీటరు. మంచినీళ్ళ సీసాను ఎవరూ చూడకుండా మొక్కలకు పోసేసేవాడు. దొడ్లో గులాబీ ఆ ఏడాది పూసినట్టు ఎప్పుడూ పూయలేదు.

అయిదోరోజుకు తవుడు మళ్ళీ రాలింది.

"అదేటండీ! మళ్ళీ వచ్చీసింది?"

"ఏటో మరి," అన్నాడు తవిటయ్య, అన్నెంపున్నెం ఎరగనివాడిలా. "నూనె రాత్తే తగ్గుతాదేమో."

నూనె సీసా బయటికొచ్చింది. దాంతోపాటు పద్మకుమారి జాకెట్టు, ఆవిడ ఆడపడుచు గొడవ, రాంచీ నుంచి వచ్చిన పెళ్ళిబట్టలు కూడా వచ్చాయి. తవిటయ్య తన చక్రధర్‌పూర్ లైను కబుర్లు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ కిందట సిగ్నలు పడక అడవిలో బండి ఆరుగంటలు ఆగిపోయిన రోజు గురించి చెప్పాడు. "అప్పుడు మీకు బయ్యమెయ్యలేదా?" అని ధనమ్మ అడిగింది. ఆ ప్రశ్న కోసం ఆయన అన్నేళ్ళూ ఎదురుచూశాడు. చర్మం చుర్రుమంటున్నా కొత్తపెళ్ళికొడుకులా పడుకున్నాడు.

పావుగంట అరగంట చేయిద్దామని ఆశ పుట్టింది. స్నానాలు నాలుగయ్యాయి. ఒళ్ళు ఎండిన చెరువులా బీటలు వారింది. మడమలు పగిలి దుప్పటికి పట్టుకునేవి. నవ్వితే పెదవి చిట్లేది, అయినా నవ్వేవాడు.

అయితే ఆయన లెక్కలో లేనిదొకటుంది. ధనమ్మకు దిగులు పుడితే కడుపులో దాచుకోదు. కొలతలకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. రెండు రోజుల్లో బిర్సానగర్ అంతా 'గార్డుసాబ్ చర్మం' మీద పడింది. ఒకామె శనగపిండీ మీగడా తెచ్చింది, ఒకామె వేపాకు ముద్ద తెచ్చింది. అర్జెంటు పద్మకుమారి అయితే సీసాడు కరంజ్ నూనె పట్టుకుని రొప్పుతూ వచ్చింది. మనం కానుగ నూనె అంటాం చూడండి, అది. దాని వాసనకు దోమలే కాదు, చుట్టాలు కూడా రారు.

"బేగి పట్టించెయ్ ధనమ్మా, అర్జెంటు!" అంది పద్మకుమారి.

తవిటయ్యను దొడ్లో ఎండలో పీట వేసి కూర్చోబెట్టారు. కింద కానుగ నూనె, దానిమీద వేపాకు, ఆ పైన శనగపిండి. నూనెలో వెయ్యడమొక్కటే తరువాయి. వచ్చినవాళ్ళంతా తొంగిచూసి, "బేచారే అంకుల్‌జీ!" అని జాలిపడి, ముందు గదిలోకి వెళ్ళి కబుర్లలో పడిపోయేవాళ్ళు. చుట్టూ ఇంతమంది తిరుగుతున్నా ఆయనతో మాట్లాడేవాళ్ళు మాత్రం లేరు. పిండి ఎండి ముఖం బిగుసుకుంటే ఆయనా పిలవలేకపోయాడు.

వారం తిరిగేసరికి ధనమ్మ ఇంకో ఏర్పాటు చేసింది.

"ఇదిగో, పెళ్ళిళ్ళ సీజను. నాకు తీరదు. సీతారాండేరా నుంచి మాలీషు మనిషిని పిలిపించేను. రోజూ వత్తాడు."

ధర్మరాజు వచ్చాడు. కుస్తీలవాళ్ళకు మాలీషు చేసే మనిషి. ఆయన అరచేతులు రోటీ పెనాల్లా ఉన్నాయి. తవిటయ్యను చాప మీద బోర్లా పడేసి చపాతీపిండిలా మర్దించాడు, మడతపెట్టాడు, మళ్ళీ సాపు చేశాడు. తవిటయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే మాట కలపబోయాడు.

"మీదేవూరు బాబూ?"

"మాటాడకండి. కండ బిగుసుకుంటాది."

ఆ తర్వాత గంటసేపు చప్పుడు లేదు. బ్రేకువ్యానులో కనీసం చక్రాల శబ్దమన్నా ఉండేది. చాప మీద పడుకున్న తవిటయ్యకు ఆ గంటలో ఒక సంగతి తెలిసింది. తనకు నూనె అక్కర్లేదు. మాలీషూ అక్కర్లేదు.

మూడోరోజు ధర్మరాజు గేటు తియ్యకముందే తవిటయ్య ముందు గదిలోకి పరిగెత్తాడు. అదృష్టం, అక్కడ ఎవరూ లేరు.

"ధనం, నాకు నయమైపోయిందే! ఆ మనిషిని రావద్దని సెప్పీ!"

"అప్పుడేనా? పదిహేనురోజులకి మాటాడేను."

"సెప్పేను కదే, బాగయిపోయింది!"

"కాదు మరి," అంటూ ధనమ్మ మిషను సొరుగు లాగి, అరిగిపోయిన బట్టలసబ్బు తీసి బల్ల మీద పెట్టింది. దానికి రెండు తెల్లవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. "ఈ సబ్బుతో బాగవుద్దేటండీ?"

తవిటయ్య ఆ సబ్బు మీద చెయ్యి పెట్టి దాచబోయాడు.

"గీజరు పెడితే నా మిషను నీరసంగా నడుత్తాది. దాంతోపాటు హీటరు కూడా ఎడితే సూది మద్దిలో ఆగిపోతాది. రోజుకి నాలుగుసార్లు ఆగిపోతంది. నాకు తెల్దనుకున్నారా?"

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు మొదలెట్టిన మూడో రోజునుంచి."

"మరయితే... నూనె ఎందుకు రాసేవు?"

ధనమ్మ ఒక దారప్పోగు తీసి వేలికి చుట్టుకుంది.

"అది సెప్తాను గానీ, ముందు మీరు సెప్పండి. ఒళ్ళు ఇలగ పాడుసేసుకుంటే ఏటొచ్చింది?"

తవిటయ్య కిటికీలోంచి బయటికి చూశాడు, గోడమీద క్యాలెండరు చూశాడు, చివరికి తన కాళ్ళు చూసుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషికి ఆ ముక్క నోటితో చెప్పడం అంత సుళువు కాదు.

"నువ్వు మాటాడతావని," అన్నాడు.

ధనమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మాటలు కావాలంటే మాటలు కావాలని అడగొచ్చు కదా. నాకూ అలవాటు నేదండీ. ముప్పై అయిదేళ్ళు మీరు లైను మీదే ఉన్నారు. ఇంట్లో మనిషుంటే ఏటి మాటాడాలో మరిసిపోయేను. నూనె రాత్తన్నప్పుడు మీ మొకం అటు తిరిగుంటాది, అప్పుడు మాటలొచ్చీసీవి. అందుకే తెలిసినా ఊరుకున్నాను. ఒళ్ళు బీటలేసీసరికి బయ్యమేసి, మీరే మానీత్తారని ఆ ధర్మరాజుని పిలిపించేను."

తవిటయ్య పీట లాక్కుని కూర్చున్నాడు.

"మరి నీకు సలికాలం దురదెట్టీది కాదా?"

"ఎందుకెట్టదు? నేను మడిసిని కాదా? నూనె రాసుకునీదాన్ని, అందినకాడికి."

"అందనికాడ?"

"అందనికాడ వదిలీసీదాన్ని."

గేటు దగ్గర ధర్మరాజు దగ్గి, ఎవరూ పలకకపోతే వెళ్ళిపోయాడు. తవిటయ్య లేచి అలమరలోంచి నూనె సీసా తెచ్చాడు.

"అటు తిరుగు. నేను రాత్తాను."

"ఏవీ, సేతులు సూపించండి."

చూపించాడు. బట్టలసబ్బుకు అరచేతులు ఆకురాయిలా అయిపోయి ఉన్నాయి. ధనమ్మ పక్కనున్న పట్టుగుడ్డ ముక్క తీసి ఆయన అరచేతి మీద లాగింది. చర్ర్‌మని పోగులు లేచాయి.

"ఈ సేతుల్తో నా వీపు ముట్టుకుంటారా? తోలూడిపోద్ది! ముందు అవి బాగు సేసుకోండి. పదిరోజులకి సూద్దాం."

చూశారా, ఎక్కడికొచ్చిందో! పెళ్ళాం చేత నూనె రాయించుకోవడానికి పన్నాగం పన్నిన మనిషి, ఇప్పుడు పెళ్ళానికి నూనె రాయడానికి పరీక్షకు కూర్చోవాల్సొచ్చింది. పైగా మందులచీటీ లాంటి ఆ కాగితం తలుపు మీద అలాగే ఉంది.

గోరువెచ్చటి నీళ్ళు, పదినిమిషాలు. మెత్తటి సబ్బు. తడి ఆరకముందే కొబ్బరినూనె, అంట్లు కడిగితే మళ్ళీ నూనె. అంట్లు ఎవరు కడిగారంటారా? ఆయనే. మాటలు కావాలంటే తన పక్కన నిలబడి ఆ పని చెయ్యాలని ధనమ్మ షరతు పెట్టింది. కొలతలవాళ్ళు లేనప్పుడు ముందు గదిలో పీట వేసి హుక్కులు కుట్టడం కూడా నేర్పింది. మొదటిరోజు జాకెట్టుకు కుట్టాల్సిన హుక్కు తన లుంగీకి కలిపి కుట్టుకున్నాడు. ధనమ్మ మిషను ఆపి మరీ నవ్వింది. మంచినీళ్ళు తనే తాగేశాడు. గులాబీ సంగతి గులాబీయే చూసుకుంది.

పదోరోజు పట్టుగుడ్డ మళ్ళీ అరచేతి మీదికొచ్చింది. చిటికెనవేలు దగ్గర ఒక పోగు లేచింది.

"ఫెయిలు," అంది ధనమ్మ.

"ఒక్క పోగేనే!"

"పోగైనా పోగే."

ఇంకో అయిదురోజులు పోయాయి. అది గురువారం మధ్యాహ్నం. తవిటయ్య రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, బడిలో గోళ్ళు చూపించే కుర్రాడిలా. ధనమ్మ పట్టుగుడ్డను మణికట్టు నుంచి వేళ్ళ చివరిదాకా మెల్లగా లాగింది. అది నీళ్ళలా జారిపోయింది. ఎడమచేతి మీదా జారిపోయింది. ఆవిడ మిషను స్విచ్చి ఆపేసింది.

అప్పుడే గేటు చప్పుడైంది.

"ధనమ్మా! ఈ జాకెట్టు కొంచెం వదులు సెయ్యాల, అర్జెంటు!"

"రేపు రా పద్మా," అంది ధనమ్మ తలుపు దగ్గరికి వేస్తూ.

"అర్జెంటంటే రేపంటావేటి?"

"నాకూ అర్జెంటే," అని గడియ పెట్టేసింది.

వెనక గదిలో మంచం మీద అటు తిరిగి కూర్చుంది. తవిటయ్య నూనె అరచేతుల్లో పోసుకుని, వేడెక్కేదాకా రుద్దుకున్నాడు. భుజాలు నున్నగానే ఉన్నాయి. నడుమూ బాగానే ఉంది. రెంటి మధ్య, వీపు నడిమధ్యన, జానెడు మేర మాత్రం బూడిదరంగులో, గరగరలాడుతూ ఉంది. ఎన్ని చలికాలాలుగా అలా ఉందో. ఆయన అక్కడ చెయ్యి పెట్టాడు. చెప్పాలనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఏటండీ, మాటాడరేటి? దానికోసమే కదా ఇంత సేసేరు?"

"నువ్వు సెప్పు, నేనింటాను."

ధనమ్మ తల కొంచెం ముందుకు వంచింది.

"ఇంకొంచెం పైకి," అంది.